చూరు నీళ్ళు

ఆ ఏడు ఊటవాగు ప్రాజెక్టు అడుగంటిందని ఆయకట్టు రైతులంతా నెత్తిన చేతులు పెట్టుకుంటే, లోలోపల సంతోషపడిన మనిషి ఒక్కతే. కొత్త మొర్రిగూడెం భీమక్క. ఈ సంగతి బయటికి పొక్కితే ఊరు ఊరుకుంటుందా? చేలు ఎండి, బోర్లు ఎండి, గొడ్లకు గుక్కెడు నీళ్ళు లేక జనం అల్లాడుతుంటే ఈ ముసలిదానికి సంబరమేమిటని నాలుగు తగిలించేవాళ్ళు. అందుకే ఆమె కూడా అందరితోపాటు మొహం వేలాడేసుకుని, ఇదేం పాడుకాలమని మూతి విరిచేది. పొద్దున్నే మాత్రం ఎవరూ లేవకముందు కట్ట మీదికి పోయి, నీళ్ళు ఎంత వెనక్కి జరిగాయో చూసుకుని వచ్చేది.

ఆ నీళ్ళ కింద ఆమె బిడ్డ ఉంది.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. అప్పటికి ప్రాజెక్టు లేదు. వాగు ఉంది, వాగు మలుపులో పాత మొర్రిగూడెం ఉంది. ఇప్పపూలు రాలే కాలంలో భీమక్కకు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే ముచ్చట కూడా తీరలేదు. పురిటి మంచం దిగకముందే ఒక తెల్లవారుజామున పాలు తాగడం మానేసి కన్నుమూసింది. ఆ గూడెంలో అంత పసిగుడ్డును పెద్దవాళ్ళలా ఊరవతలికి మోసుకుపోరు. ఇంటి చూరు కిందే, వాన పడితే నీళ్ళు ధారకట్టే చోట చిన్న గుంట తీసి పెడతారు. భీమక్క అత్త తన చేత్తోనే గుంట తీసింది. పెట్టి, మట్టి కప్పి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన కోడలి పక్కన చతికిలబడి తల నిమిరింది. ఆ ఇంట్లో మాట్లాడేది కోయ భాష. మన కోసం తెలుగులో చెప్పుకుందాం.

"ఏడువకు బిడ్డా. ఉత్త వాన అందరి మీద పడతది. చూరు నీళ్ళు గట్ల కాదు, మన ఇల్లు తాకి పడతయి. గా నీళ్ళు మీద పడితె పిల్లకు ఇల్లు యాదికుంటది. మళ్ల తొవ్వ దేవులాడుకుంట నీ కడుపులకే వస్తది."

భీమక్క ఆ మాట పట్టుకుని వాన కోసం ఎదురుచూసింది. వసారాలో నేలలో పాతిన రోలు ఉండేది. అక్కడ కూర్చుని జొన్నలు దంచుతూ చెయ్యి చాపితే చూరు కింది మట్టి వేళ్ళకు తగిలేది. దంచుతున్నంతసేపూ ఎడమచెయ్యి ఆ మట్టి మీదే ఉండేది. వాన కంటే ముందు లారీలు వచ్చాయి. గేట్లు దించుతున్నాం, ఖాళీ చేయండని సర్కారువాళ్ళు మైకు పట్టుకుని అరిచారు. ఇంటి కప్పు విప్పి, వాసాలు పీకి, మూటలు కట్టి లారీకెక్కించారు. రోలు మాత్రం డ్రైవరు ఎక్కించుకోనన్నాడు. మిరుగం కార్తె తొలిచినుకు పడేనాటికి అక్కడ మట్టి ఉంది కానీ చూరు లేదు. దసరా నాటికి మట్టి కూడా కనబడలేదు. చూరు నీళ్ళు అడిగిన తల్లికి సర్కారు ఏకంగా ప్రాజెక్టు నీళ్ళు పోసింది. అడిగినదానికంటే ఎక్కువిచ్చే సర్కారును భీమక్క ఆ ఒక్కసారే చూసింది.

ఆ తర్వాత ఆమె కడుపు పండలేదు. ఇల్లందు దవాఖానాకు పోయింది, పసర్లు తాగింది, మొక్కని దేవుడు లేడు. మొగుడు జంపయ్యకు మారుమనువు చేద్దామని అన్నదమ్ములు ఎన్నిసార్లు కూర్చున్నారో. జంపయ్య నోట్లో నాలుక లేని మనిషి, ఔనూ అనడు కాదూ అనడు. లేచి ఎడ్లకు మేత వేయడానికి పోయేవాడు. వాళ్ళు అడిగీ అడిగీ విసిగి మానుకున్నారు.

పిల్ల రాలేదని భీమక్కకు అత్త మీద అపనమ్మకం ఏమీ కలగలేదు. రాకపోవడం పిల్ల తప్పూ కాదు, అత్త తప్పూ కాదు. ఇల్లు తాకిన నీళ్ళు దాని మీద పడితే కదా. ఇప్పుడామెకు అరవై దగ్గర పడ్డాయి, కడుపు ఆశ ఎప్పుడో చచ్చింది. కానీ బిడ్డకు ఇస్తానన్న నీళ్ళు ఇవ్వలేదన్న బాధ చావలేదు. ఒక్కసారి, ఒక్క వానాకాలం చూరు నీళ్ళు దాని మీద పడాలి. ఆమెకు కావలసింది అంతే.

దానికీ ఒక చిక్కుంది. కొత్త మొర్రిగూడెం కాలనీలో సర్కారు కట్టిచ్చింది స్లాబు ఇల్లు. స్లాబు ఇంటికి చూరెక్కడిది? వాన నీళ్ళు ఒక మూల గొట్టంలోంచి భళ్ళున దూకుతాయి. ఇంటి వెనక గొడ్ల కొట్టం ఒక్కదానికే గడ్డి కప్పు.

"ముసలోడా, కొట్టం మీద కొత్త గడ్డి కప్పు," అంది భీమక్క ఆ మాఘంలో. "చూరు మూరెడు ముందుకు రావాలె."

"ఉన్నయి రెండు ఎడ్లు. వాటికి గంత చూరు ఎందుకే?"

"ఎడ్లకు గాదు."

జంపయ్య ఆమె మొహంలోకి చూశాడు.  మర్నాడు బండి కట్టుకుని గుట్టకు పోయి గడ్డి కోసుకొచ్చాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఏందక్కా, ఈ వయసుల పురుడు పోసుకుంటవా అని ఎకసెక్కాలాడారు. పోసుకుంటె పిలుస్త గానీ, పురిటి కారం దంచి పెట్టుకోండ్రి, అంది భీమక్క.

రెండువేల నాలుగు ఎండాకాలం నడిమధ్యలో పురావస్తు సర్వేవాళ్ళ జీపు వచ్చింది. ఎప్పుడో రాతిగోరీలు, అంటే రాళ్ళ సమాధులు, కట్టిన కాలం మనుషులు ఈ వాగు పొడుగునా బతికారట. నీళ్ళు మళ్ళీ నిండేలోపు ముంపు నేలంతా కాలినడకన తిరిగి, వాళ్ళ ఆనవాళ్ళు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకుపోవాలట. దానికి కూలీలు కావాలన్నారు. కాలనీలో వయసులో ఉన్నవాళ్ళంతా ముందుకొచ్చారు, వాళ్ళతోపాటు భీమక్కా వచ్చి నిలబడింది.

సర్వే పెద్ద సుకుమార్ మధిర మనిషి. మాట కోస్తా వైపు సాగుతుంది, ఎండకు చిరాకు జాస్తి. "పెద్దావిడవి, ఈ ఎండలో పడిపోతే నాకు లేనిపోని తద్దినం," అన్నాడు.

"నీకంటె ముందు పడను సారూ," అంది భీమక్క. పక్కనున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ అమ్మాయి తబితా, సర్వేలో ఆయన సహాయకురాలు. ఖమ్మంలో ఖానాపురం హవేలి అనే పేట వాళ్ళది. మెడలో సన్నటి గొలుసు, గొలుసుకు చిన్న సిలువ. ఆమె సిఫారసుతో భీమక్కకు లైనులో చోటు దొరికింది.

లైను అంటే పెద్ద విద్యేం కాదు. చేతులు చాపితే పక్కవాళ్ళ వేళ్ళు తగలనంత ఎడంతో వరసగా నిలబడాలి. అందరూ ఒకే నడక నడవాలి, చూపు నేల మీద ఉండాలి. కుండపెంకు కనబడితే చెయ్యెత్తాలి. తబితా వచ్చి పుల్లకు కట్టిన ఎర్రగుడ్డ అక్కడ గుచ్చుతుంది. పెంకు ఎరుపా నలుపా, అంచు ఉందా లేదా చూసి సంచిలో వేస్తుంది. పగుళ్ళు దీసిన ఒండ్రు మీద, ఎండిన నత్తగుల్లలు కాళ్ళ కింద నలుగుతుంటే, పొద్దున్నుంచి ఎండ నెత్తికెక్కేదాకా అదే పని. ఇప్పపూలు ఏరినట్టే ఉంది, తినడానికే పనికిరావు, అనుకుంది భీమక్క.

రెండోనాడు తబితా ఆమె పక్కకు వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు కిందికి చూస్తలేవు. ఎటో చూస్తున్నవు. లైను వంకర పోతున్నది."

"నీకు పెంకులు గావాలె బిడ్డా. నాకు ఇల్లు గావాలె."

"ఎవరి ఇల్లు?"

"నాదే."

అంబలి పొద్దుకు లైను ఆగింది. గొడుగు నీడలో కూర్చుని భీమక్క చెప్పింది. ముప్పై ఏళ్ళుగా పరాయివాళ్ళకు చెప్పని మాట ఆ కొత్త పిల్లకు ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. తబితా వింటూ సిలువను వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది.

"మా అమ్మకు గూడ నాకంటె ముందు ఒక బాబు పుట్టి పోయిండు," అంది. "ఖమ్మంల మా సమాధుల దొడ్డిల ఉన్నడు. ఏటా నవంబర్ల ఆత్మల పండుగకు పోతం. సున్నమేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి ముట్టిస్తం. మా అమ్మ దాని పక్కన కూసుంటె ఇంక లేవది. మేమే లేవదీసుకొస్తం."

 భీమక్కకు కలిగింది జాలి కాదు, అసూయ. పేరూ మొహమూ తెలియని ఆ ఖమ్మం తల్లి మీద పుట్టెడు అసూయ పుట్టింది.

"మీ అమ్మ అదృష్టమంతురాలు బిడ్డా," అంది. "కూసునేటందుకు జాగ ఉన్నది."

సాయంత్రం తబితా సుకుమార్ దగ్గరికి పోయి సంగతి కదిపింది. ఆయన భీమక్కను పిలిపించాడు. తిడతాడేమోనని ఆమె కొంగు బిగించుకుని వచ్చింది.

"చూడమ్మా, మాకిచ్చిన పర్మిషన్ చూడటానికే, తవ్వటానికి కాదు. గడ్డపార నేల్లో దిగిందంటే నా ఉద్యోగానికే ఎసరు," అన్నాడు సుకుమార్. టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "కానీ సొంత బిడ్డను ఇంటికి తీసుకెళ్ళే తల్లికి నేనేం రూలు చెబుతాను. చోటు దొరికితే తబితాకు చెప్పు. ఆ పూట నేను జీపు దగ్గరే ఉండిపోతాను, ఇటు రాను."

చిరాకు మనిషిలో ఇంత తడి ఉందని భీమక్క అనుకోలేదు. దండం పెడితే ఆయన ఎటో చూశాడు.

ఆనాటి నుంచి ఆమె నడక మారింది. పాత ఊరు వాగు మలుపులో ఉండేది కాబట్టి మలుపు దగ్గరే వెతకాలి. మిగిలిన నీటిగుంట పక్కన వాగు పాములా తిరిగిన చోట, లైను ఆ వైపు పోయినప్పుడల్లా, ఆమె కళ్ళు రోలు కోసం వెతికేవి. కర్రలు కుళ్ళుతాయి, మట్టిగోడలు కరుగుతాయి, రోలెక్కడికి పోతుంది? దాని పెదవి ఒకవైపు చిట్లి ఉంటుంది. అత్త కాపురానికి వచ్చిన కొత్తలో రోకలి జారి చిట్లిందట. ఆ రోలు దొరికితే చాలు. ఎదురుగా కూర్చుని చెయ్యి చాపితే బిడ్డ తగులుతుంది. ఇంట్లో కొత్త గుడ్డ ఉతికి పెట్టింది. గుప్పెడు మట్టయినా సరే, అందులో కట్టి తెచ్చి చూరు కింద పెట్టుకుంటుంది. మలుపులో మాత్రం ఒండ్రు తప్ప ఏమీ లేదు. పొయ్యిరాయి లేదు, బూడిద లేదు. రోజులు గడిచేకొద్దీ ఆమెకు దిగులు పట్టుకుంది. పడమటి దిక్కున మబ్బు కనిపిస్తే నీళ్ళు వచ్చేస్తాయని గుండె గుభేలుమనేది. లోకమంతా వాన కోసం కప్పలకు పెళ్ళి చేస్తుంటే ఈమె ఇంకో వారం ఆగమని మబ్బును బతిమాలుకునేది.

ఆ వారంలో ఒకనాడు లైను మలుపు వదిలేసి గుట్ట వైపు పైనేలకు మళ్ళింది. అక్కడికి రాగానే సుకుమార్ నిప్పు తొక్కినట్టు గెంతాడు. నేలంతా పారలతో చెక్కేసి ఉంది. బండి చక్రాల గాడులు ఎండి గట్టిపడి ఉన్నాయి.

"మన్ను దొంగలు. పాటిమన్ను కోసం మొత్తం గీకేశారు. పొర మిగల్చకుండా ఎత్తుకుపోయారు," అంటూ అటూ ఇటూ తిరిగాడు. కూలీలంతా నేల చూపులు చూశారు. దొంగలెవరో వేరే చెప్పాలా? చలికాలం చివర నీళ్ళు మొదటిసారి వెనక్కి జరిగినప్పుడు కాలనీలో ఎడ్లబండి ఉన్న ప్రతివాడూ ఇక్కడికే వచ్చాడు. మన్ను నల్లగా, బూడిద కలిసి, పిడికిట పడితే జిడ్డుగా ఉంది. పత్తికి ఇంతకంటే ఎరువు లేదని మురిసిపోతూ తోలుకున్నారు. జంపయ్య అందరికంటే ఎక్కువ తోలాడు.

పాటిమన్ను ఎక్కడుంటుంది? ఊరున్న చోట ఉంటుంది. పొయ్యి బూడిద, పెంట, తరాల తరబడి మనుషుల కాళ్ళ కింద నలిగిన మట్టి. అంత చిన్న సంగతి అంతమంది బుర్రల్లో ఒక్కరికీ తట్టలేదు. ఊరు వాగు మలుపులో ఉండేది, మలుపు ఇంకా నీళ్ళ కిందే ఉంది, కాబట్టి ఇది ఎవరి పాత చేనో అనుకున్నారు. ఊరు కదలదు కానీ వాగు కదులుతుందని, నీళ్ళ కింద ముప్పై ఏళ్ళల్లో అది మంచం మీద మనిషిలా పక్కకు దొర్లిందని ఎవరికి తెలుసు?

"పెద్దమ్మా, ఇటొకసారి రా," అని తబితా పిలిచింది.

చెక్కేసిన గుంట మధ్యలో ఒక రాయి ఒంటరిగా నిలబడి ఉంది. చుట్టూ మట్టి పోవడంతో మోకాలెత్తున పైకి తేలి ఉంది. మొన్న పడిన గాలివానకు బురద కొట్టుకుపోయి లోపలి గుంట కనిపిస్తోంది. భీమక్క దగ్గరికి పోయి అంచు తడిమింది. వేలు చిట్లిన పెదవి దగ్గర ఆగింది.

ఆమె అరవలేదు. నెమ్మదిగా రోలు ముందు కూర్చుంది, ఒకప్పుడు కూర్చున్నట్టే, మోకాలు మడిచి. ఎడమచెయ్యి చాపింది. చెయ్యి మట్టికి తగల్లేదు. అక్కడ గాలి ఉంది. నేల ఎక్కడో కిందికి ఉంది, పార అంచుల గుర్తులతో గచ్చులా చదునుగా. కిందికంటా వంగి తడిమితే వేళ్ళకు తగిలింది గట్టి అడుగు నేల, గూడెం మనుషులెవరూ ముట్టని మట్టి, అందులో అక్కడక్కడా తబితాకు కావలసిన నలుపూ ఎరుపూ పెంకులు.

అంబలి ముంత పట్టుకుని జంపయ్య అప్పుడే వచ్చాడు. దూరం నుంచే ఆమె కూర్చున్న తీరు చూశాడు. ఆ తీరు ఆయనకు తెలుసు. ఆ ఇంట్లో ఆమెను అట్లాగే ఎన్నోసార్లు చూశాడు. ముంత కింద పెట్టి రోలు వైపు ఒకసారి, చెక్కిన నేల వైపు ఒకసారి చూశాడు. అక్కడే కూలబడ్డాడు.

"ఇది మలుపు కాదు గదనే," అన్నాడు.

భీమక్క రోలు చిట్లిన పెదవి మీద వేలు పెట్టి చూపించింది.

"బండ అనుకున్న. బురద గప్పి బండ లెక్కనే ఉండె. అడ్డమొచ్చిందని సుట్టూత తవ్వుకున్న. నేనే. ఇంకెవరు గాదు, ఈ జాగల నేనే తవ్విన." నీళ్ళు నమలకుండా చెప్పేశాడు. 

భీమక్క తన చేతులు చూసుకుంది. బండి మన్ను తోలడం ఆయన పని, చేలో కుప్పలు వెదజల్లడం ఆమె పని. కుప్ప మీద కుప్ప, గంపకు ఎత్తి, కాళ్ళతో చిమ్మి, గడ్డలు పారతో చితక్కొట్టి చేనంతా పరిచింది ఆమే. మన్ను మంచిగుందని మెచ్చుకుంది కూడా. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

అటు నుంచి సుకుమార్ గబగబా వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "తబితా, పై పొర పోవడమే మంచిదైంది. కింద చూడు, ఎంత పాత ఊరో బయటపడింది," అంటూ వచ్చి భీమక్కను చూసి ఆగిపోయాడు. తబితా తల అడ్డంగా ఊపింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, జీపు వైపు నడిచాడు.

తబితా పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, ఈ మన్ను చేన్ల ఏ దిక్కున పోసిండ్రో యాదికున్నదా? ఏ మూలనో తెలిస్తె..."

"అన్ని దిక్కుల," అంది భీమక్క. "మంచిగ సరిసమానంగ సల్లిన."

ఆ రోజు నుంచి ఆమె మొగుడితో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. వండి పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాట మాత్రం లేదు. సర్వే పనికి కూడా పోలేదు. తబితా పోయేముందు ఇంటికి వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చింది. ఏడుపు ఆమెకు వచ్చింది, భీమక్కకు రాలేదు. నవంబర్ల మీ అమ్మతోని పోయినప్పుడు నా పిల్ల పేరున గూడ ఒక కొవ్వొత్తి ముట్టియ్యి, అని మాత్రం అంది. పేరు లేదు గదా పెద్దమ్మా, అంటే, పేరు లేని కొవ్వొత్తే ముట్టియ్యి, అంది. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఉతికిన గుడ్డ పెట్టెలోకి పోయింది. భీమక్క వాకిట్లో కూర్చుని ఎదురుగా చేను వైపు చూస్తూ ఉండేది. నీళ్ళ కింద అందకుండా ఉన్న బిడ్డ కోసం ముప్పై ఏళ్ళు ఎదురుచూడవచ్చు. కళ్ళ ముందే ఉండి ఏ అడుగులో ఉందో తెలియకపోతే ఏం చేయాలి? ముట్టుకుందామంటే మూడెకరాలు. నడుద్దామంటే తొక్కుతానేమోనని భయం. ఇంటికి తెచ్చుకోవాలని అంతలా కొట్టుకుంది. ఇంటి ముందుకే వచ్చి ఉంది, తన చేతులతోనే తెచ్చుకుంది, ఒళ్ళోకి మాత్రం రాదు.

మిరుగం దగ్గరపడింది. చుట్టూ అందరూ దుక్కులు మొదలుపెట్టారు. జంపయ్య చేనొక్కటే అట్లాగే పడి ఉంది. ఆయన పొద్దున్నే ఎడ్లను తోలుకుని పోయేవాడు, గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చునేవాడు, పొద్దుగూకాక తోలుకుని వచ్చేవాడు. ముసలోడికి ఎండదెబ్బ తగిలిందని కాలనీలో అనుకున్నారు. ఒక సాయంత్రం ఎడ్లను కట్టేసి ఆమె ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"నాగలి ఏడ దించాలె చెప్పు," అన్నాడు. "ఏడ దించుదమన్నా అక్కడనే ఉన్నట్టున్నది."

భీమక్క తలెత్తి చూసింది. ఆయన గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, సగం మనిషై ఉన్నాడు. ఇన్నాళ్ళూ బిడ్డ తన ఒక్కదానిదే అనుకుంటూ వచ్చిందని ఆమెకు అప్పుడు తోచింది. ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు, ఆమె ఏనాడూ అడగలేదు. కోపం అక్కడే చల్లబడింది కానీ, ఇన్నాళ్ళు పట్టిన మౌనం వెంటనే వదలలేదు. అన్నం పెట్టి, పక్కన కూర్చుని, ఆయన తినేదాకా లేవలేదు.

మర్నాడు మధ్యాహ్నం గాలి తిరిగింది. గుట్ట మీద మబ్బు కమ్మి, మట్టివాసన ముందొచ్చి, తర్వాత వాన వచ్చింది. పెద్దపెద్ద చినుకులు పడుతుంటే పిల్లలంతా కేకలేస్తూ వాకిళ్ళలోకి ఉరికారు. కొట్టం మీద కొత్త గడ్డి నుంచి నీళ్ళు ధారకట్టి ఉత్త నేల మీద పడుతుంటే భీమక్క చూసింది. ఆ నీళ్ళు పడుతున్న చోట ఎవరూ లేరు. ఎవరైతే కావాలో ఆ పిల్ల ఎదురుగా చేలో, ఉత్త వానలో, పరాయిదానిలా తడుస్తోంది.

ఆమె లేచింది. మూలనున్న యూరియా సంచి దులిపి, ఒక మూలను ఇంకో మూలలోకి దూర్చి కొప్పెర చేసి నెత్తిన వేసుకుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. చేలో దిగి మొదటి మూలన నిలబడి ముందుకు వంగింది. సంచి మీద పడిన వాన ఆమె నెత్తి మీదుగా, వీపు మీదుగా జారి, అంచు నుంచి చూరు నీళ్ళలా ధారగా కాళ్ళ ముందు మట్టి మీద పడింది. మట్టి గుంటపడి, నీళ్ళు తాగి, నల్లగా మెరిసింది. అది తడిసేదాకా కదలకుండా ఉండి, ఒక అడుగు పక్కకు జరిగింది. మళ్ళీ వంగింది.

గట్టు మీద నుంచి జంపయ్య చూశాడు. మొదట మతి పోయిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. దగ్గరికి వచ్చి, సంచి అంచు నుంచి పడుతున్న ధారను చూసి ఆగాడు. ఆమె ఆయన వైపు చూడలేదు, అడుగు జరిపి ఇంకో చోట వంగింది. ఆయన ఇంటికి పోయి గొంగడి తెచ్చి నెత్తిన కప్పుకున్నాడు. చేను అవతలి మూలకు పోయి ఆమెలాగే వంగి నిలబడ్డాడు.

దారిన పోయేవాళ్ళు నిలబడి చూశారు. దుక్కి లేదు, విత్తనం లేదు, ఈ ముసలివాళ్ళిద్దరూ వానలో ఏం చేస్తున్నారో అర్థం కాక తలలు గోక్కుంటూ పోయారు. ఆమె ఒక వరస పొడుగునా వచ్చింది, ఆయన ఇంకో వరస పొడుగునా వచ్చాడు. చినుకు సన్నబడితే ఆగారు, పెరిగితే మొదలుపెట్టారు. భీమక్క నడుము విరిగిపోతోంది, కాళ్ళు బురదలో దిగబడుతున్నాయి. ఒక్కచోట కూడా వదలలేదు. వంగిన ప్రతిచోటా ఇదే కావచ్చు అనిపించింది, జరిగిన ప్రతిసారీ కాదేమో అనిపించింది.

చీకటి పడేసరికి చేను సగం కూడా కాలేదు. వాన మాత్రం పట్టు విడవలేదు. ఇద్దరూ చేను నడుమ ఒకరికొకరు ఎదురుపడ్డారు.

"రేపు గూడ పడేటట్టున్నది," అన్నాడు జంపయ్య.

"పడనీ," అంది భీమక్క. "నువ్వు గా తుమ్మ కాడి మూల జూడు. నేను ఈ దిక్కున ఉన్న."